క్రిస్మస్ తాత దానకర్ణుడు కాడు

డిసెంబరు నెల వస్తే చాలు, మన మిత్రుల్లో రెండు వాదాలు బయల్దేరతాయి. ఒకటి హేతువాద మిత్రులది. "అంబేద్కర్ వారసులమని చెప్పుకుంటాం, మళ్ళీ పిల్లల బుర్రల్లో ఈ క్రిస్మస్ తాత అబద్ధాన్ని ఎందుకు కుక్కుతాం? దూది గడ్డం పెట్టుకున్న తెల్లోళ్ళ తాత మన పల్లెకి ఎందుకు?" అని నిలదీస్తారు. రెండోది సంఘ పెద్దలది. "పిల్లల సరదా గదయ్యా, దీంట్లో గూడా రాజకీయమేనా?" అని విసుక్కుంటారు. రెండు పక్షాలూ అసలు సంగతి వదిలేస్తున్నాయని నా అభిప్రాయం. తాత ఉన్నాడా, లేడా అన్నది తర్వాత చూద్దాం. పండగ పూట మన పిల్లకి ఏదన్నా అందుతుంటే, ఆ ఇచ్చే చెయ్యి ఎవరిది? పుచ్చుకునేటప్పుడు ఆ పిల్ల తల ఎట్లా ఉంది? ఎత్తుకుని ఉందా, దించుకుని ఉందా? ముందు తేల్చుకోవాల్సింది ఇది.

ఎందుకంటే ఈ దేశంలో ఇవ్వడం అనేది ఎన్నడూ అమాయకమైన పని కాదు. "దానం" అన్న మాట తీసుకోండి. శాస్త్రాల ప్రకారం దానం పైకి పోతుంది. భూమి, గోవు, బంగారం ఎవరికి దానమిస్తే పుణ్యమొస్తుందో అందరికీ తెలుసు. దానాలకి పేరుమోసిన కర్ణుడి కథ చూడండి. ఒంటినున్న కవచకుండలాలు గూడా కోసి ఇచ్చాడు. పుచ్చుకున్నదెవరు? బ్రాహ్మణ వేషంలో వచ్చిన ఇంద్రుడు. సూతపుత్రుడని ఎగతాళి చేసిన వాళ్ళే దానకర్ణుడని మెచ్చుకుని అతని ప్రాణరక్ష పట్టుకుపోయారు. మరి కిందకి వచ్చేదేమిటి? మనుధర్మశాస్త్రం పదో అధ్యాయం దాపరికం లేకుండానే చెప్పింది. చాకిరీ చేసే శూద్రుడికి తినగా మిగిలిన కూడు, కట్టి విడిచిన గుడ్డలు, తాలు గింజలు ఇవ్వమంది. చండాలుడికైతే చచ్చినోళ్ళ మీది గుడ్డలు, పగిలిన కుండలో కూడు. అంటే మిగిలింది, చిరిగింది, పగిలింది మన వాటా. దీన్ని గూడా పండగల్లో "ధర్మం చేస్తున్నాం" అని చెప్పి ఇచ్చారు.

మన తాత ముత్తాతల సంక్రాంతి ఎట్లా గడిచిందో ముసలాళ్ళని అడగండి, చెబుతారు. పంట కోసింది వాళ్ళు, కుప్ప వేసింది వాళ్ళు, నూర్చింది వాళ్ళు. చివరికి కళ్ళం కాడ తలగుడ్డ పరిచి నిలబడాల్సిందీ వాళ్ళే. కొలిచి ఇచ్చే కూలి గూడా దయతో పెట్టినట్టే పెట్టేవాళ్ళు. పండగ రోజు దొడ్డిదారిన వెళ్ళి "అయ్యా, అమ్మా" అని కేకేస్తే, చెయ్యి చేతికి తగలకుండా ఎత్తు నుంచి దోసిట్లో అరిసె పడేది, పాత పంచె పడేది. వెంట వెళ్ళిన పిల్లకాయ ఏం నేర్చుకున్నాడు? అరిసె తియ్యగా ఉంటుందని ఒకటి. అరిసె కావాలంటే నడుం వంచాలని రెండు. పండగ ఇచ్చిన చదువు ఇదే. తరాల తరబడి ఈ చదువే చెప్పారు.

ఈ వెలుగులో చూస్తే గాని మన పల్లెల్లో క్రిస్మస్ నాటి కొత్త బట్టల అర్థం తెలియదు. "తినడానికి లేకపోయినా వీళ్ళకి కొత్తగుడ్డలు కావాలి" అని ఊళ్ళో పెద్దలు ఎగతాళి చేస్తుంటారు. చేస్తారు మరి! కట్టి విడిచిన గుడ్డే నీ గుడ్డ అని శాస్త్రం రాసిన చోట, ఎవరూ కట్టని గుడ్డ, మడత విప్పని గుడ్డ, షాపు వాసన పోని గుడ్డ మాదిగ పిల్ల ఒంటి మీద మెరిస్తే అది ఎవరికి కంటగింపు? ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. బాబాసాహెబ్ అంబేద్కర్ నాయకత్వంలో మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టింది 1927 డిసెంబరు 25న. పాత గుడ్డే నీకు గతి అని చెప్పిన పుస్తకం కాలిన రోజూ, మన పిల్లలు కొత్త గుడ్డ కట్టే రోజూ ఒకటే. ఇది ఎవరూ కుదిర్చి పెట్టింది కాదు. కానీ మనం పిల్లలకి చెప్పుకోదగ్గది. మన చర్చిల్లో ఈ ముక్క ఎందుకు చెప్పరో పాస్టరుగార్లని అడగాల్సిన అవసరం ఉంది.

ఇప్పుడు తాత దగ్గరికి వద్దాం. ఈయన పుట్టుక తెల్లోళ్ళ దేశంలో కాదు. నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీ దేశంలో ఉన్న మైరా అనే ఊళ్ళో నికొలస్ అనే బిషప్పు ఉండేవాడని చెబుతారు. ఆయన గురించి ఒక కథ ఉంది. చితికిపోయిన ఒక తండ్రికి ముగ్గురు ఆడపిల్లలు. కట్నం ఇచ్చే దారి లేదు. కట్నం లేకపోతే ఆ పిల్లల బతుకు బజారున పడే పరిస్థితి. నికొలస్ రాత్రిపూట ఎవరూ చూడకుండా వచ్చి, కిటికీలోంచి బంగారం మూట విసిరేసి వెళ్ళిపోయాడట. అట్లా మూడు సార్లు. ఇది కథే కావచ్చు. కట్నం అనే దుర్మార్గాన్ని అది ప్రశ్నించలేదని మన ఆడవాళ్ళు నిలదీస్తే ఆ మాటా న్యాయమే. కానీ ఆ కథలో ఒక గొప్ప సంగతి దాగుంది. ఆయన రాత్రిపూట ఎందుకొచ్చాడు? పగలొచ్చి, పదిమందిని పిలిచి, దండ వేయించుకుని ఇచ్చి ఉండొచ్చు గదా! ఇచ్చినోడి మొహం కనబడితే పుచ్చుకున్నోడి తల వంగుతుంది. ఆ తండ్రి తల వంగకూడదు. అందుకే చీకటి. పిల్లలు మాయ అనుకునేది ఈ చీకటినే.

ఈ నికొలస్ కథే హాలెండు దేశం మీదుగా అమెరికా చేరి శాంటాక్లాజ్ అయింది. 1897లో న్యూయార్కులో వర్జీనియా అనే ఎనిమిదేళ్ళ పిల్ల, శాంటాక్లాజ్ నిజంగా ఉన్నాడా అని 'సన్' పత్రికకి ఉత్తరం రాసింది. పత్రిక సంపాదకీయంలో జవాబిచ్చింది. ప్రేమ, ఔదార్యం లోకంలో ఎట్లా ఉన్నాయో శాంటాక్లాజ్ గూడా అట్లాగే ఉన్నాడని దాని సారాంశం. నూటపాతికేళ్ళు దాటినా ఆ జవాబుని మెచ్చుకుంటూనే ఉన్నారు. జవాబు సంగతి ఎట్లా ఉన్నా నాకు ఆ పిల్ల ప్రశ్న నచ్చింది. తోటి పిల్లలు లేడంటున్నారు, నిజం చెప్పండి అని ఎనిమిదేళ్ళ పిల్ల పత్రికనే అడిగింది. హేతువాద మిత్రులారా, పిల్లల నమ్మకాన్ని చూసి భయపడొద్దు. నమ్మకం ఉన్నచోటే ప్రశ్న పుడుతుంది. ప్రశ్న పుట్టాక మనం ఏం చెబుతామన్నదే లెక్క.

మా బళ్ళో మూడో తరగతి పిల్ల ఒకసారి నన్ను ఇట్లాగే అడిగింది. "సార్, టౌన్లో కాన్వెంటు పిల్లలకి తాత సైకిలు తెచ్చాడంట. మాకేమో పెన్సిలూ చాక్లెట్టూ ఇచ్చాడు. మంచి పిల్లలకే ఎక్కువ ఇస్తాడంట గదా. వాళ్ళు మా కంటే మంచోళ్ళా సార్?"

ఈ ప్రశ్న ముందు ఆస్తికులూ నాస్తికులూ ఇద్దరూ ఆగి ఆలోచించాలి. తాత ఉన్నాడని నమ్మడం వల్ల ఆ పిల్లకి నష్టం లేదు. మంచి పిల్లలకే తాత ఇస్తాడు అన్న మాట వల్ల నష్టం ఉంది. సినిమాల్లోంచి, టీవీల్లోంచి, కొట్లవాళ్ళ ప్రకటనల్లోంచి వచ్చిన ఈ మాటని మన సండే స్కూళ్ళలో గూడా చిలక పలుకుల్లా పలుకుతున్నారు. "అల్లరి చేస్తే తాత రాడు" అని తల్లులు బెదిరిస్తున్నారు. దీని పర్యవసానం చూడండి. బాగా వచ్చినోడు మంచోడు, రానోడు చెడ్డోడు. ఉన్నోడికి ఉన్నది వాడి మంచితనం వల్ల, లేనోడికి లేనిది వీడి తప్పు వల్ల. ఈ మాట మనం ఎక్కడో విన్నాం గదా? పోయిన జన్మలో పాపం చేశారు కాబట్టి ఈ జన్మలో మాల మాదిగలుగా పుట్టారని చెప్పిందే గదా! కర్మ సిద్ధాంతం కాషాయం విప్పి ఎర్ర చొక్కా తొడుక్కుని వచ్చింది. గుర్తుపట్టకపోతే మనదే నష్టం.

ఆ పిల్లతో చెప్పాను, "అది మంచితనం లెక్క కాదమ్మా, డబ్బుల లెక్క" అని. వెనక బెంచీ పిల్లాడు వెంటనే, "అయితే తాతకి డబ్బులెవరిస్తారు సార్?" అన్నాడు. ఎంత పదునైన ప్రశ్న! అర్థశాస్త్రం మొదలయ్యేది అక్కడే. తాతకి డబ్బులిచ్చేది వాళ్ళ నాయన. మిర్చి యార్డులో బస్తాలు మోసిన కూలిలోంచి తీసి కుర్రాళ్ళ చందా పుస్తకంలో రాయించిన వంద రూపాయలు. వాళ్ళమ్మ నాట్లకి వెళ్ళి తెచ్చిన కూలిలోంచి తీసిన యాభై. ఆ ఎర్ర చొక్కాలో ఉన్నది ఆటో తోలే కుర్రాడు. గడ్డం దూది ఆరెంపీ డాక్టరు దగ్గర తెచ్చింది. గుడి మీద వెలిగే నక్షత్రం, మన కుర్రాళ్ళు రాత్రుళ్ళు మేలుకుని వెదురు బద్దలు చీల్చి, రంగు కాయితాలు అంటించి కట్టింది. అంటే పల్లెకి పల్లె కలిసి, తన పిల్లలకి, తన కష్టంలోంచి, తన పేరు చెప్పుకోకుండా ఇచ్చుకున్నది. ఊరి పెత్తందారు చెయ్యి దీంట్లో లేదు. దొడ్డిదారి లేదు. దోసిలి లేదు. ఈ మాయ వెనకున్న నిజం, మాయకంటే గొప్పగా ఉంది! దాన్ని పిల్లలకి చెప్పడానికి మనకి సిగ్గెందుకు?

సిగ్గు ఎందుకంటే, పుచ్చుకున్నోళ్ళు, అమ్ముడుపోయినోళ్ళు అన్న నింద మన మీద తరాలుగా ఉంది. "గోధుమ నూక కోసం, పాలపిండి కోసం మతం మారినోళ్ళు" అని ఇప్పటికీ అంటారు. చరిత్ర ఏం చెబుతోంది? 1876-78 కరువులో మద్రాసు రాజధాని అంతటా జనం మాడి చచ్చారు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ దొర జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టుకి తీసుకున్నాడు. వేలమంది, ముఖ్యంగా మాదిగలు, ఆ కాలవ తవ్వి కూలి తీసుకుని బతికారు. సాయం కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు పని నడిచినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు పని ముగిశాక, 1878 జులై 3న, ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పుచ్చుకున్నది ముష్టి కాదు, మట్టి తవ్విన కూలి. మారింది నూక కోసం కాదు, మనిషిగా చూసే చోటు కోసం. మిషనరీలందరూ ధర్మాత్ములని నేననడం లేదు. వాళ్ళ లెక్కలు వాళ్ళకున్నాయి. కానీ మనవాళ్ళు కూలి చేసి తిన్న ముద్దని ముష్టి అనే హక్కు, మన కూలి ఎగ్గొట్టినోళ్ళకి లేదు.

దానానికీ హక్కుకీ తేడా అంబేద్కర్ తన ఒంటి మీదే చూశాడు. 1913లో ఆయన అమెరికా వెళ్ళి చదువుకుంది బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో. నెలకి పదకొండున్నర పౌన్లు, మూడేళ్ళు. మహారాజు మంచివాడే, కాదనడం లేదు. కానీ దానికి తిరిగి పదేళ్ళు సంస్థానంలో కొలువు చేయాలన్న ఒప్పందం ఉంది. 1917లో ఆ ఒప్పందం ప్రకారం బరోడా వెళితే ఏమైంది? బంట్రోతులు కాయితాల కట్టలు దూరం నుంచి విసిరారు. ఊళ్ళో ఉండడానికి కొంప దొరకలేదు. పార్సీ సత్రంలోంచి కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. ఎంత మంచి రాజు ఇచ్చినా దానం దానమే. అది చదువునిస్తుంది గానీ చోటునివ్వదు. అందుకే ఆయన వైస్రాయి కౌన్సిల్లోకి వెళ్ళాక చేసిందేమిటి? షెడ్యూల్డు కులాల చదువు భారం ప్రభుత్వం మొయ్యాలని పట్టుబట్టాడు. 1944లో మెట్రిక్ పై చదువులకి స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి. మా ఇంట్లో వేలిముద్రలు దాటి డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేను. సాంఘిక సంక్షేమ హాస్టల్లో తిని, ఆ స్కాలర్‌షిప్పుతో చదివాను. అందుకు నేను ఏ దొరకీ దణ్ణం పెట్టనక్కర్లేదు. దణ్ణం పెట్టాల్సొస్తే, దణ్ణం పెట్టే పని లేకుండా చేసినాయనకి పెడతాను.

ఈ తేడాని ఇప్పుడు మళ్ళీ చెరిపేస్తున్నారు. మొన్నటిదాకా ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లలకిచ్చే బట్టలు, బూట్లు, పుస్తకాల సంచిని ఏమన్నారు? 2020 అక్టోబరులో "జగనన్న విద్యాకానుక" అన్నారు. 2024లో ప్రభుత్వం మారాక సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరు పెట్టారు. అంతకు ముందు పండగ సరుకుల సంచికి "చంద్రన్న కానుక" అని పేరుండేది. పార్టీ ఏదైనా పద్ధతి ఒకటే. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకి ఉచిత చదువుని హక్కు చేసింది. బళ్ళో వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆజ్ఞాపించింది. హక్కుని కానుక అంటే, హక్కుదారు బిచ్చగాడౌతాడు. అగ్గిపెట్టె కొన్నా మన దగ్గర పన్ను తీసుకునే ప్రభుత్వం మన డబ్బుతో మన పిల్లకి సంచి కొనిచ్చి, దాని మీద ఒక "అన్న" పేరు రాసింది. నికొలస్ రాత్రిపూట మొహం దాచుకుని ఇచ్చాడు. వీళ్ళు పట్టపగలు మొహం అచ్చేయించుకుని ఇచ్చారు. ఎవరు దాత, ఎవరు వ్యాపారి?

పాలకులనే అని ఊరుకుంటే సరిపోదు, మన పల్లెల సంగతీ చెప్పుకోవాలి. క్రిస్మస్ నాడు స్టేజీ కట్టి, పిల్లల్ని వరసగా నిలబెట్టి, నోటుపుస్తకం ఒక చేత్తో పట్టుకుని ఫొటో వచ్చేదాకా వదలని దాతలు మనలోనూ తయారయ్యారు. ఉద్యోగాలొచ్చి పట్నం పోయిన మనవాళ్ళే ఫ్లెక్సీ కట్టించుకుని, పాత బట్టల మూట తెచ్చి పల్లెలో పంచి పోతున్నారు. కట్టి విడిచిన గుడ్డ ఇవ్వమని ఎవరు చెప్పారో గుర్తుంది గదా! ఇంతకంటే చేదు నిజం ఇంకోటుంది. మాలపల్లె చర్చిలో బయల్దేరిన క్రిస్మస్ తాత రోడ్డు దాటి మాదిగపల్లెకి వెళ్ళడు. మాదిగపల్లె తాత ఇటు రాడు. రెండు తాతలూ కలిసి కాలవగట్టు మీది యానాదుల గుడిసెల వైపు అసలే చూడరు. ఆకాశంలోంచి వచ్చిన తాతకి గూడా మనం కులం సర్టిఫికెట్ ఇచ్చాం. ఈ ఒక్కటీ సరిచేసుకోకుండా అగ్రకులాల దొడ్డిదారి గురించి మాట్లాడే నైతిక హక్కు మనకుంటుందా?

కాబట్టి సంఘ పెద్దలకీ, యువకులకీ, తల్లిదండ్రులకీ నేను చెప్పేది ఇది.

"మంచిగా ఉంటేనే తాత ఇస్తాడు" అనే మాట మన ఇళ్ళలో, సండే స్కూళ్ళలో బంద్ చేయండి. ఆకలికి మంచీ చెడూ లేదు, పండగకీ లేదు. పల్లెలో ఉన్న ప్రతి పిల్లకీ ఒకే రకం వస్తువు ఇవ్వండి. చందా ఎక్కువిచ్చినోడి కొడుక్కి ఎక్కువ, ఇవ్వలేనోడి కూతురికి తక్కువ అనేది ఉండకూడదు. చర్చికి రాని ఇంటి పిల్లకీ అదే అందాలి. స్టేజీ, మైకులో దాత పేరు, ఫొటో - ఈ మూడూ తీసేయండి. ఇస్తే కొత్తది ఇవ్వండి, చిన్నదైనా సరే. అప్పు చేసి మాత్రం ఇవ్వొద్దు. పండగ అప్పు తీర్చడానికి పిల్లాణ్ణి బడి మాన్పించి పత్తి చేలోకి పంపితే, తాత ఇచ్చిన పలక ఎవడు రాస్తాడు? ఈ ఏడు తాతని రోడ్డు దాటించండి. మాల కుర్రాడు చొక్కా తొడుక్కుంటే మాదిగ కుర్రాడు మూట మొయ్యాలి, పై ఏడు మాదిగ కుర్రాడు చొక్కా తొడుక్కుంటే మాల కుర్రాడు మూట మొయ్యాలి. యానాది గుడిసెలకి ముందు వెళ్ళాలి.

ఇక హేతువాద మిత్రులకి ఒక మాట. అయిదేళ్ళ పిల్ల కళ్ళలో ఆ వెలుగుని ఊది ఆర్పొద్దు. మన పిల్లలకి బాల్యం అనేదే కరువు. పుట్టగానే కులం తెలిసిపోతుంది, నడక రాగానే ఆకలి తెలిసిపోతుంది, బళ్ళో చేరగానే అవమానం తెలిసిపోతుంది. లోకంలో ఎవరో ఒకరు కులం అడక్కుండా, చాకిరీ అడక్కుండా, దణ్ణం అడక్కుండా మనకోసం ఒకటి తెస్తారని నాలుగేళ్ళు నమ్మనివ్వండి. అట్లాంటి లోకం ఉండాలని అనుకోవడం అక్కడే మొదలవుతుంది. రేపు అది లేదని తెలిసినప్పుడు, ఎందుకు లేదని అడిగే పిల్ల వాళ్ళలోంచే వస్తుంది.

ఆ పిల్ల వచ్చి "తాత నిజమేనా?" అని అడిగిన రోజున అబద్ధం చెప్పొద్దు. చేతికి చందా పుస్తకం ఇవ్వండి, నాయన పేరు చదివించండి. "నీకిన్నేళ్ళూ ఇచ్చింది వీళ్ళమ్మా. ఈ ఏడు నుంచి మూట కట్టే పని నీది. ఎవరికిచ్చావో వాళ్ళకి తెలియనివ్వొద్దు" అని చెప్పండి. బళ్ళో సంచి ఇచ్చినప్పుడు మాత్రం వేరే మాట చెప్పండి. "ఇది ఎవరూ ఇచ్చింది కాదు, నీది నీకొచ్చింది. రాకపోతే అడుగు. అడిగినా ఇవ్వకపోతే పదిమందిని పోగేసుకుని అడుగు" అని. మనలో మనం పెట్టుకునేదానికి పేరు ఉండొద్దు. ప్రభుత్వం నుంచి రావాల్సినదానికి దణ్ణం ఉండొద్దు. ఈ రెండూ తెలిసిన పిల్ల ఇంక ఎవరి దొడ్డిదారినా దోసిలి పట్టదు.

జై భీమ్.